తుపాకీ ఆఖర్న కొనండి

(టెక్సస్‌లో మా ఊరి తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగు విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. భయపడకండి, నేనేమీ తుపాకీ తీసుకురాలేదు.

నా చేత మాట్లాడించాలనుకున్నవాళ్ళు ఇచ్చిన అంశం ‘కౌబాయ్ షూటింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి కావలసిన సామాను’. జాబితా చదివి కూర్చోమంటే ఒక్క నిమిషం పని. రెండు రివాల్వర్లు, ఒక రైఫిల్, ఒక షాట్‌గన్, తోలు బెల్టు, టోపీ, బూట్లు. అయిపోయింది, సమోసాలు చల్లారకముందే వెళ్ళొచ్చు. నేను కూడా మొదట్లో ఈ జాబితా పట్టుకునే షాపుకెళ్ళాను. వెళ్ళి ఎంత తగలేశానో మా ఆవిడకి ఇప్పటికీ పూర్తి లెక్క చెప్పలేదు. ఇవాళ రాలేదు కాబట్టి మీకు చెప్తాను.

ఇంతకీ ఈ ఆట మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఇద్దరు. సరే. కృష్ణ గారి కౌబాయ్ సినిమా ఎంతమంది చూశారు? అదిగో, ఇప్పుడు లేచాయి చేతులు. మా నరసరావుపేటలో ఆ సినిమా మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఇంటికొచ్చాక జొన్న దంటుతో తుపాకీ చేసుకుని, తువ్వాలు మెడకి కట్టుకుని, వీధరుగు మీంచి దూకేవాళ్ళం. యాభై ఏళ్ళు దాటాక అదే పని నిజం తుపాకీతో, పక్కన ఒకడు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడగా చేయడమే ఈ ఆట. ఒట్టు, అంతకన్నా పెద్ద తేడా ఏమీ లేదు.

1982లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అని ఒక సంఘం పెట్టుకున్నారు. పొడి అక్షరాల్లో సాస్ అంటారు. ఇవాళ చాలా క్లబ్బులు ఆ సాస్ నియమాల ప్రకారమే ఆడతాయి. తుపాకులన్నీ 19వ శతాబ్దం చివరి నాటికి ఉన్న నమూనాలై ఉండాలి. పాతవే అక్కర్లేదు, వాటికి నకళ్ళు చాలు. బట్టలు ఆ కాలానివి. ప్రతివాడికీ ఒక మారుపేరు. మనిషిని కాల్చడం లేదు, జంతువుని కాల్చడం లేదు, ఇనప పలకల్ని కాల్చడం. టంగ్ టంగ్ అని మోగుతాయి. ఆ మోత కోసమే సగం మంది వస్తారు.

ఒక్కో అంకాన్ని స్టేజ్ అంటారు. మామూలుగా రెండు రివాల్వర్లతో అయిదేసి చొప్పున పది, రైఫిల్‌తో పది, షాట్‌గన్‌తో నాలుగో ఆరో. స్టేజ్ రాసినవాడు చెప్పిన వరసలోనే పలకల్ని కొట్టాలి. ఎంతసేపట్లో ముగించారో అదే మీ స్కోరు. ఒకటి తప్పితే అయిదు సెకన్లు కలుపుతారు. వరస తప్పితే పది. ఇదీ ఆట.

ఇప్పుడు సామాను. సామాను కన్నా ముందు ఒక మాట ఉంది. ఇది నవ్వులాట మాట కాదు. ఫోన్లు పక్కన పెట్టి వినండి.

మనలో చాలామంది హెచ్‌-1బీ మీద ఉన్నారు. కొందరు ఎల్‌-1, పిల్లలు ఎఫ్‌-1. ఇలాంటి నాన్‌-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చిన్న నేరం కాదు, వీసాతో పాటు వెనక్కి పంపించేంత నేరం. మినహాయింపులున్నాయి. ఇక్కడి ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ దగ్గరుండటం అందులో ఒకటి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. ‘నేను కొనను కదండీ, మా ఫ్రెండుది కాసేపు పట్టుకుని కాలుస్తాను’ అంటారు కొందరు. చేతిలో పట్టుకున్నా అది మీ దగ్గర ఉన్నట్టే. కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, నన్ను కాదు, వాట్సాప్ గ్రూపుని అసలే కాదు. చూడటానికి రావడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు.

ఆ, చూడటం. నా మొదటి సలహా అదే. మొదటి మ్యాచ్‌కి ఒట్టి చేతులతో రండి. అద్దాలు, చెవులకి రక్షణ, చాలు. ఏ క్లబ్బుకైనా ముందు ఒక మెయిల్ పెట్టి ‘కొత్తవాణ్ణి, చూడటానికి వస్తున్నాను’ అనండి. ఏం జరుగుతుందో చెప్పనా? వెళ్ళిన గంటలో ఎవరో ఒక పెద్దాయన మీ దగ్గరికొచ్చి ‘నాది కాల్చి చూస్తావా?’ అంటాడు. నేను ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఇంత తేలిగ్గా ఇంత ఖరీదైన వస్తువు చేతికిచ్చేవాళ్ళని ఇంకెక్కడా చూడలేదు. మన ఊళ్ళో పక్కింటాయన సైకిల్ పంపు అరువిచ్చే పద్ధతి. నాలుగు మ్యాచ్‌లు ఇలా తిరిగితే పది రకాల రివాల్వర్లు, అయిదారు రైఫిళ్ళు మీ చేతిలోంచి వెళ్ళిపోతాయి. మీ చేతికి ఏది అతుకుతుందో మీ చెయ్యే చెప్తుంది. అప్పుడు కొనండి.

నేనేం చేశాను? ముందు కొన్నాను, తర్వాత వెళ్ళాను.

ఆ కథ చెప్పాలి. మొదటి రివాల్వర్లు రెండూ 45 కోల్ట్ అనే తూటా పట్టేవి కొన్నాను. ఎందుకు? సినిమాలో అదే కదా. తర్వాత ఒక షాపులో పాత రైఫిల్ ఒకటి చవగ్గా దొరికింది, లివర్ యాక్షన్‌ది, అంటే కిందున్న మీట కిందికీ పైకీ ఆడిస్తే తూటా ఎక్కేది, చక్కగా ఉంది. దాని తూటా 44 మాగ్నమ్. అమ్మినతను ‘ఇది కూడా నలభై ఏదో కదా’ అన్నట్టు మాట్లాడాడు, నేనూ తలూపాను. 44కీ 45కీ ఒక్క అంకె తేడా, ఏముందిలే అనుకున్నాను. పైగా సంచిలో రెండు డబ్బాలు పక్కపక్కనే పెట్టుకున్నాను.

మూడో స్టేజ్. లోడింగ్ బల్ల దగ్గర కబుర్లు చెప్తూ రైఫిల్లోకి పది తూటాలు తోశాను. టైమర్ బీప్ అంది. ఒకటి కొట్టాను, రెండోది కొట్టాను, మూడోదానికి లివర్ సగంలో ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. లోపల 45 తూటా ఒకటి దూరి ఇరుక్కుంది. రైఫిల్ గొట్టం ముందు వైపుకే ఉంచి బల్ల మీద పెట్టేశాను. కొట్టని ఎనిమిది గుళ్ళకీ ఎనిమిది ఐదుల నలభై సెకన్లు. మంచి షూటర్లు ఆ నలభై సెకన్లలో స్టేజ్ మొత్తం ముగించి ఇంటికెళ్ళిపోతారు! తర్వాత డెబ్భై దాటిన ఒక పెద్దాయన స్క్రూడ్రైవర్ తీసి ఇరవై నిమిషాలు కూర్చుని దాన్ని విప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. విప్పడం అయ్యాక ఆ 45 తూటా నా చేతిలో పెట్టి, ‘నూటపాతికేళ్ళ కింద పశువులు కాసుకునేవాళ్ళకి కూడా ఈ తెలివి ఉండేది, బాబూ’ అన్నాడు.

నిజంగానే ఉండేది. ఇంటికొచ్చి చదువుకున్నాను. వించెస్టర్ 1873 రైఫిల్ వచ్చింది 44-40 అనే తూటాతో. కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ కూడా 1873దే, అది మొదట 45. అయిదేళ్ళు తిరిగేసరికి, 1878లో, కోల్ట్‌వాళ్ళు అదే రివాల్వర్‌ని 44-40లో కూడా ఇచ్చారు. ఎందుకు? ఎడారిలో గుర్రం మీద వెళ్ళేవాడు నడుముకి ఒకే బెల్టు, ఒకే రకం తూటాలు చాలనుకుంటాడు కాబట్టి. రాత్రి పూట తడుముకుని ఏది తీసినా రెండింట్లోనూ పట్టాలి. ఇంకో సంగతి, ఆ కాలంలో 45 కోల్ట్‌కి రైఫిలే లేదు. దాని అంచు మరీ సన్నం, పేలిన ఖాళీని బయటికి లాగే రైఫిల్ పంజాకి సరిగ్గా అందదు. 45 రైఫిల్ అనేది మన కాలం వాళ్ళు తయారుచేసుకున్నది. అంటే సినిమా చూసి నేను కొన్నది కౌబాయ్ పద్ధతి కూడా కాదన్నమాట.

కాబట్టి తుపాకీ పేరు కన్నా ముందు తూటా పేరు తేల్చుకోండి. రివాల్వర్లకీ రైఫిల్‌కీ ఒకటే. నన్నడిగితే కొత్తవాళ్ళకి 38 స్పెషల్. 357 మాగ్నమ్ అని రాసి ఉన్న తుపాకీలో 38 స్పెషల్ హాయిగా పేలుతుంది, కాబట్టి 357వి కొనుక్కుని 38 వాడండి. చేతికి తన్ను తక్కువ. ఖాళీ బ్రాస్, అంటే తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగు, ఎక్కడైనా దొరుకుతుంది. 45లో ఉన్న మజా వేరు, కాదనను, పెద్ద పొగ పెద్ద మోత కావాలనుకునేవాళ్ళు పాతకాలపు నల్ల తుపాకీమందు వాడి 45, 44-40 కాలుస్తారు, వాళ్ళది వేరే లోకం. అందులోకి తర్వాత వెళ్ళొచ్చు.

తూటా విషయంలో ఇంకొక్కటి. రాగి తొడుగు ఉన్న గుళ్ళు ఇక్కడ పనికిరావు. ఒట్టి సీసపు గుండు మాత్రమే. రివాల్వర్ నుంచి సెకనుకి 1000 అడుగుల లోపు, రైఫిల్ నుంచి 1400 అడుగుల లోపు వేగం. ఎందుకంటే రివాల్వర్ పలకలు మామూలుగా ఏడు నుంచి పది గజాల్లో ఉంటాయి. మీరు కూర్చున్న చోటు నుంచి ఆ కిటికీ దాకా అనుకోండి. మెత్తటి సీసం నెమ్మదిగా తగిలితే పలక మీద చితికిపోతుంది. రాగి తొడుగు చీలి వెనక్కి వస్తుంది. ఎవరి మీదకి? మన మీదకే. అందుకే చూడటానికి వచ్చినవాళ్ళు కూడా అద్దాలు తీయకూడదు. చిన్న చిన్న సీసం తునకలు ఎలాగూ ఎగురుతాయి.

బాగా వినిపిస్తోందా వెనక్కి? సరే.

రివాల్వర్లు. సింగిల్ యాక్షన్ అంటే ప్రతి గుండుకీ బొటనవేలితో హ్యామర్, అంటే వెనకున్న సుత్తి, వెనక్కి లాగాలి. ట్రిగ్గర్ నొక్కితే దానంతట అది లేవదు. మార్కెట్లో రెండు దార్లున్నాయి. ఒకటి రూగర్ వకేరో, ఇక్కడే తయారవుతుంది, మొండిది, ఏళ్ళ తరబడి వాడినా నట్లు ఊడవు. రెండోది ఇటలీవాళ్ళ నకళ్ళు, ఉబెర్తీ లాంటివి. పాత కోల్ట్‌ని ముక్క ముక్కా చూసి చేసినట్టుంటాయి. హ్యామర్ లాగుతుంటే నాలుగు క్లిక్కులు వినిపిస్తాయి, ఆ శబ్దానికే పడిపోయేవాళ్ళున్నారు. నేనూ పడ్డాను. కాకపోతే మరలు వదులవుతుంటాయి. స్టేజ్‌కీ స్టేజ్‌కీ మధ్య ఓసారి బిగించి చూసుకోవాలి. మర గాడికి సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ కొనండి, ఇంట్లో టీవీ రిమోట్ విప్పేది తెస్తే మర తల చెడుతుంది.

చేతులు చిన్నవైతే న్యూ వకేరో చూడండి, 2005లో వచ్చింది, పాత వకేరో కన్నా చిన్నది, కోల్ట్ అంతే ఉంటుంది. మా ఆవిడ అదే వాడుతుంది. ఆమె మొదట పులిహోర డబ్బా పట్టుకుని చూడటానికి వచ్చింది. ఇప్పుడు నాకన్నా ముందు నిద్రలేచి బండెక్కి కూర్చుంటుంది. పిడి చేతిలో పట్టుకున్నప్పుడు పట్టు కదపకుండా బొటనవేలు హ్యామర్‌ని అందుకోవాలి. అందకపోతే అది మీ తుపాకీ కాదు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా. రెండూ ఒకేలాంటివి కొనండి, ఒకే పిడి, ఒకే పొడవు బారెల్. సమయం పరిగెడుతున్నప్పుడు ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి వేరుగా తోచకూడదు.

రివాల్వర్‌కి ఆరు గదులుంటాయి. మనం ఎన్ని నింపుతాం? అయిదు. హ్యామర్ ఎప్పుడూ ఖాళీ గది మీదే ఉండాలి. కోల్ట్ నమూనాకి ఒక పాట లాంటి లెక్కుంది, రాసుకోండి: ఒకటి వేయి, ఒకటి వదులు, నాలుగు వేయి. అప్పుడు హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి మెల్లగా దింపితే సరిగ్గా ఆ వదిలిన గది మీద కూర్చుంటుంది. పాత నమూనాలో హ్యామర్ కింద తూటా ఉంటే, కింద పడ్డప్పుడు పేలే ప్రమాదం ఉండేది. రూగర్‌లో ఆ ప్రమాదం లేకుండా లోపల ఒక కడ్డీ పెట్టారు. అయినా పోటీలో అందరికీ అయిదే. లోడింగ్ బల్ల దగ్గర ఇంకో మనిషి నిలబడి మీ లెక్క సరిచూస్తాడు. అక్కడ కబుర్లు చెప్పకండి. ఎందుకో ఇందాక చెప్పాను కదా.

రైఫిల్ దగ్గరికి వస్తే, ఎక్కువమంది చివరికి చేరేది 1873 నమూనాకే. దాని లోపల మోచేయి మడతలా ముడుచుకునే ఏర్పాటు ఉంటుంది, లివర్ చాలా మెత్తగా తిరుగుతుంది. లివర్ తిరిగే దూరం తగ్గించే భాగాలు కూడా దొరుకుతాయి. ఖరీదు మాత్రం రైఫిళ్ళలో ఎక్కువే. అంత పెట్టలేనివాళ్ళు 1892 నకలో మార్లిన్ 1894నో తీసుకోండి, సాన పట్టిస్తే అవీ బాగానే తిరుగుతాయి. 1873కి ఒక పట్టింపు ఉంది. తూటా మొత్తం పొడవు దానికి నచ్చాలి. తూటాని పైకి లేపే దిమ్మ ఒకటుంటుంది, తూటా మరీ పొట్టిదైతే వరసలో తర్వాతి తూటా అంచు కూడా ఆ దిమ్మలోకి తొంగిచూస్తుంది, అంతే, లిఫ్టు తలుపు మధ్య కాలు పెట్టినట్టు ఆగిపోతుంది. కాబట్టి ఏ రకం తూటా అయినా ముందు ఒక్క డబ్బా కొని ఆడించి చూడండి, చవగ్గా వస్తోందని వెయ్యి తెప్పించుకోకండి.

షాట్‌గన్ తేలిక. పక్కపక్కన రెండు గొట్టాలున్నది, ఖాళీ షెల్‌ని, అంటే పేలిన షాట్‌గన్ తూటాని, దానంతట అది ఎగరేయనిది. ఎగరేసేవి ఒప్పుకోరు. స్టోగర్ వాళ్ళ కోచ్ గన్‌తో చాలామంది మొదలుపెడతారు. ఎప్పుడూ రెండే షెల్స్ వేస్తాం, అవీ టైమర్ మోగాకే. కొట్టగానే గన్ మధ్యకి మడిచి తెరిచి వెనక్కి ఒక ఊపు ఊపితే ఖాళీలు రెండూ జారి పడాలి. కొత్త గన్‌లో పడవు, ఇరుక్కుంటాయి, గోళ్ళతో పీక్కోవాలి. గన్‌స్మిత్ చేత లోపల నునుపు చేయించుకోండి, ఒంటికి గీతల్లేని నున్నటి షెల్స్ వాడండి. పిట్టల వేటకి వాడే సన్న సీసపు రవ్వలున్నవి, తక్కువ తన్నువి. ఉక్కు రవ్వలు కూడదు. గేజ్ అంటే గొట్టం లావు కొలత, 12 గేజ్ భుజానికి బరువనుకుంటే 20 గేజ్ తీసుకోండి. బ్రౌనింగ్ మహాశయుడు చేసిన 1897 పంపు గన్ కూడా ఒప్పుకుంటారు. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

ఇవన్నీ కొత్తవి కొంటే మూడు వేల డాలర్లు దాటుతుంది. అవునండీ, మూడు వేలే. అదిగో, అక్కడొకాయన లేచి వెళ్ళిపోతున్నారు. కూర్చోండి సార్, ఒకేసారి కొనమనలేదు. పాతవి మ్యాచ్‌ల దగ్గరే అమ్ముతుంటారు. నేను నా 44 రైఫిల్ అమ్మేశాను కూడా. వేటకి వాడుకునే ఒకాయన తీసుకున్నాడు, ఇద్దరం సుఖంగా ఉన్నాం.

మరి ముందు ఏం కొనాలి? అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. తుపాకీ ఆఖర్న. ముందు మంచి కళ్ళద్దాలు, పక్కల నుంచి కూడా కప్పేవి. తర్వాత చెవులు. ఎలక్ట్రానిక్‌వి కొనుక్కుంటే మోత ఆపి మాట వినిపిస్తాయి. టైమర్ పట్టుకున్నవాడు ‘ఆపు’ అంటే వినపడాలి కదా. తర్వాత బూట్లు. మడమ ఉన్న తోలు బూట్లు, కంకరలో జారనివి. స్పోర్ట్స్ షూస్, బేస్‌బాల్ టోపీలు, టీ షర్టులు నియమాల ప్రకారం కుదరవు. పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. ఇవన్నీ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో నలభై, యాభై డాలర్లలో అయిపోతాయి. మా పాసీలో ఒకాయన తన పెళ్ళి సూటు కోటు చేతులు కత్తిరించి వెయిస్ట్‌కోట్ చేసుకున్నాడు. పాసీ అంటే కలిసి తిరిగే జట్టు, చెప్పడం మర్చిపోయాను.

టోపీ గురించి నేను కూడా వేషమే అనుకునేవాణ్ణి. ఓ జూలై ఎండలో టోపీ లేకుండా నిలబడి రైఫిల్ కొట్టాను. 1873 ఖాళీ బ్రాస్‌ని పక్కకి విసరదు, నిట్టనిలువుగా పైకి ఎగరేస్తుంది. పైకి వెళ్ళింది కిందికి రావాలి కదా. ఒకటి వచ్చి సరిగ్గా చొక్కా కాలర్‌లో పడింది. పెనం మీంచి తీసిన కాసు బిళ్ళ వీపు మీద వేసినట్టు! అప్పుడు గంతులేయబుద్ధవుతుంది. చేతిలో తుపాకీ ఉంది. గంతులేయకూడదు. గొట్టం ముందుకే ఉంచి, పళ్ళు బిగించి, ఆ బిళ్ళ చల్లారేదాకా నిలబడ్డాను. ఆ రోజు నుంచి వెడల్పు అంచు టోపీ, మెడకి రుమాలు. అమ్మాయిలకి చెప్తున్నాను, మెడ బాగా దిగిన రవికలు ఆ రోజుకి వద్దమ్మా.

ఆ తర్వాత తోలు. రివాల్వర్లు పెట్టుకునే ఒరలు, బెల్టు. ఇక్కడ చవకది కొంటే రెండుసార్లు కొంటారు. బెల్టు దళసరిగా ఉండాలి, ఒర నోరు మూసుకుపోకుండా గట్టిగా నిలబడాలి, ఒక చేత్తో తిరిగి పెట్టగలగాలి. రెండు వైపులా రెండు ఒరలు పెట్టుకోండి. పొట్ట మీద అడ్డంగా ఒకటి పెట్టుకునే పద్ధతి కూడా ఉంది, చూడటానికి బాగుంటుంది. కానీ అడ్డంగా ఉన్నది లాగేటప్పుడు గొట్టం పక్కనున్నవాళ్ళ వైపు తిరుగుతుంది. అది తిరగకుండా ఒంటిని ముందే మెలితిప్పుకోవాలి. గొట్టం ఎప్పుడూ ముందువైపు 170 డిగ్రీల లోపలే ఉండాలన్నది నియమం. దాటితే ఆ స్టేజ్ పోయినట్టే. ఖాళీ తుపాకీ చేజారినా స్టేజ్ పోతుంది. నిండు తుపాకీ చేజారితే ఇక ఆ రోజుకి సర్దుకుని ఇంటికే. వాదన ఉండదు, ఎవరైనా ఒకటే. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇంకా ఇంట్లో ఒక ఇనప బీరువా, తాళంతో. ఇది తుపాకీ ఇంటికి వచ్చే ముందు రోజు రావాలి, తర్వాత వారం కాదు. టెక్సస్‌లో పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి గుళ్ళున్న తుపాకీ అందేలా ఉంచితే పెద్దవాళ్ళ మీద కేసవుతుంది. కేసు సంగతి సరే, మన ఇళ్ళల్లో శనివారం వచ్చిందంటే పదిమంది పిల్లలు అన్ని గదుల్లోనూ దాగుడుమూతలాడతారు. ఎవరింట్లో ఏ అలమరా తెరుస్తారో మనకి తెలుసా? తాళం చెవి గోడకి కొక్కేనికి వేలాడదీయకండి.

ఈ సామానంతా మొయ్యడానికి బండి కావాలి. బజార్లో మంచి చెక్క బండ్లు అమ్ముతారు. నేను మా అమ్మాయిని చిన్నప్పుడు పార్కులో తిప్పిన మూడు చక్రాల తోపుడు బండి అటక మీంచి దింపాను. సీటు తీసేసి పలక బిగించి, రైఫిల్ నిలబెట్టడానికి నాలుగు గాళ్ళు కోశాను. పాల సీసా పెట్టే జాలీలో ఇప్పుడు షెల్స్ పెట్టుకుంటున్నాను. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి చూసి, ‘నాన్నా, నా బండికి ఏం చేశావు!’ అని ఏడ్చినంత పని చేసింది.

ఒక మ్యాచ్‌కి ఎన్ని తూటాలు కావాలి అని ఇందాక లోపలికి వస్తుంటే ఒకరడిగారు. ఆరు స్టేజ్‌లనుకోండి. రివాల్వర్లకి అరవై, రైఫిల్‌కి అరవై, మొత్తం 120. షెల్స్ 24 నుంచి 36. పడాల్సిన పలక పడకపోతే షాట్‌గన్‌తో మళ్ళీ కొట్టొచ్చు కాబట్టి షెల్స్ ఇంకో పాతిక అదనంగా. ఇంట్లో తూటాలు నింపుకునే మిషన్లున్నాయి, ఖర్చు తగ్గుతుంది. మొదటి ఏడాది వద్దు. బ్రాస్ మాత్రం ఏరి దాచుకోండి. ఏరడం ఎలాగూ మీ పనే, కొత్తవాళ్ళకి ముందు ఇచ్చే డ్యూటీ అదే. తప్పుల లెక్క పెట్టడం, పలకలకి రంగు వేయడం, అన్నీ అందరూ వంతులవారీగా చేయాలి. కాల్చేది మొత్తం రోజులో నాలుగైదు నిమిషాలు. మిగిలిందంతా చాకిరీ, కబుర్లు.

ఏరిన చేతులతోనే తినకండి. ఇది మన వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. వాళ్ళు శాండ్‌విచ్ కాగితంలో పట్టుకుని తింటారు, మనం పులిహోర అయిదు వేళ్ళతో కలుపుతాం. ఆ వేళ్ళకి సీసం ఉంటుంది, అది కడుపులోకి పోతే మంచిది కాదు, చిన్నపిల్లలకి మరీనూ. సబ్బుతో చల్లటి నీళ్ళతో రుద్ది కడుక్కోవాలి. ఇంటికెళ్ళాక ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకుండా ముందు స్నానం చేయాలి. శ్మశానం నుంచి వచ్చినప్పుడు చేస్తామే, అలాగే తిన్నగా వెనక గుమ్మం నుంచి బాత్రూములోకి.

ఆఖరికి పేరు. సంఘంలో చేరాలంటే ఒక మారుపేరు పెట్టుకోవాలి, ఇంకెవరికీ లేనిదై ఉండాలి. ‘కిడ్’లు, ‘డాక్’లు, ‘డస్టీ’లు ఎప్పుడో అయిపోయాయి. అందరూ తలలు పట్టుకునేది ఇక్కడే. మనకి ఆ బాధ లేదు, మన భాషలో పేర్లు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. నేను ‘ఆవకాయ కిడ్’ అని పంపించాను, మర్నాటికల్లా ఒప్పుకున్నారు. ఒక్కటే చిక్కు. స్కోరు చదివేవాడు ప్రతిసారీ ‘అవొకాడో కిడ్’ అని పిలుస్తాడు. ఓ సీసా ఆవకాయ తీసుకెళ్ళి పెట్టాను, తేడా తెలుస్తుందని. తిన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఇంకో చెంచా అడిగాడు, మళ్ళీ అవొకాడో అనే అన్నాడు.

వచ్చే నెల రెండో శనివారం మాకు మ్యాచ్ ఉంది. పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడుండాలి, మన టైము ఎనిమిది కాదు. ఎవరొస్తారో పేర్లు ఇవ్వండి. అద్దాలూ చెవులకి పెట్టుకునేవీ నా దగ్గర నలుగురికి సరిపడా ఉన్నాయి. టోపీలు రెండే ఉన్నాయి, రెండూ ఏడుంబావు సైజు. అంతకన్నా పెద్ద తలకాయ ఉన్నవాళ్ళు మాత్రం సొంతంది తెచ్చుకోండి.